సదరు ఆనపకాయ

రేవుపాలెంలో తాయారమ్మ డాబా మీద కూరగాయలు పండించడం కొత్త సంగతేమీ కాదు. పగిలిన బకెట్లలో వంగ, రంగు డబ్బాల్లో బెండ, పాత సిమెంటు తొట్టిలో ఆనపపాదు పెట్టి, ఊచలకి తాళ్ళు కట్టి పందిరి అల్లించడం ఆవిడకి కాపరానికొచ్చిన నాటి నుంచీ ఉన్న అలవాటు. ఇన్నేళ్ళలో ఆ సంగతి పట్టించుకున్న మనిషి ఒక్కడే, ఆవిడ భర్త చలపతిరావు. "శ్లాబు చెమ్మెక్కిపోతోందే" అని గొణిగేవాడు. గొణుగుతూనే కూర మారు వడ్డించుకునేవాడు. ఆయన మునిసిపల్ ఆఫీసులో గుమాస్తా. అభ్యంతరం తెలపడం వేరు, దాన్ని అమలు చెయ్యడం వేరు అన్న తేడా ఆయనకి బాగా తెలుసు.

అలాంటి పట్టణంలోకి ఉద్యమం వచ్చింది. కమిషనరుగారు ఏదో సదస్సుకి వెళ్ళి, అక్కడ ఎవరో బాల్కనీలో కాయించిన టమాటా ఒకటి తిని వచ్చారు. ఆ టమాటా ఆయన్ని నిద్రపోనివ్వలేదు. వచ్చిన మర్నాడే సిబ్బందిని సమావేశపరిచారు.

"పట్టణం తన కూర తానే పండించుకోవాలి. ఇది పథకం కాదు, ఉద్యమం. ప్రజలు స్వచ్ఛందంగా ముందుకు రావాలి. ఉద్యమం కాబట్టి పాల్గొనడం తప్పనిసరి" అన్నారు.

స్వచ్ఛందంగా ముందుకు రాని ఇళ్ళ కుళాయి కనెక్షన్ల విషయమై పునరాలోచన ఉంటుందని మైకు పెట్టిన ఆటో వీధి వీధికీ తిరిగి చెప్పింది. దాంతో ఊరు ఊరంతా పచ్చబడింది. మట్టి లేనివాళ్ళు స్నానాల బకెట్లలో టమాటా వేసుకుని చెంబులతో స్నానాలు చేశారు. పోలీస్ స్టేషన్లో పట్టుబడ్డ ఆటోల వెనక సీట్లలో తోటకూర మొలిపించారు. బీరపాదు ట్రాన్స్‌ఫార్మర్ మీదికి పాకి, దాన్ని తీస్తే ఉద్యమానికి ద్రోహమని లైన్‌మన్ దణ్ణం పెట్టి వెళ్ళిపోతే, ఒక వీధి వీధంతా చీకట్లో కూచుంది.

మొదట్లో తాయారమ్మకి ఇదంతా సంబరంగానే ఉంది. టౌన్‌హాల్లో ఆవిడకి శాలువా కప్పి 'ఆదర్శ గృహసేద్యకారిణి' అన్నారు. పురిటికని ఐదో నెలలోనే వచ్చేసిన కూతురు హైమ ముందు వరసలో కూచుని చప్పట్లు కొట్టింది. తిరిగి వస్తూ రిక్షాలో తల్లి భుజం మీద తల వాల్చి, "అమ్మా, మన లేత ఆనపకాయ పాలు పోసి వండవే. అత్తారింట్లో ఉన్నన్నాళ్ళూ అదే గుర్తొచ్చేది" అంది.

"అదెంత భాగ్యమే" అంది తాయారమ్మ.

మర్నాడు పొద్దున్నే కత్తిపీట వాల్చి ఉంచి, పాలు కాచి, కాయ కోసుకురావడానికి మేడెక్కింది. పందిరి కింద ఒకాయన టేపు పట్టుకుని ఉన్నాడు. పేరు కోదండపాణి. నిన్న మొన్నటి దాకా ఇంటిపన్ను విభాగంలో గోడలు కొలిచేవాడు. ఇప్పుడు ఆయన్ని గృహసస్య పర్యవేక్షకుణ్ణి చేశారు. పాత అలవాటు పోక ఆనపకాయకి పొడవు, చుట్టుకొలత, ఆపైన పునాది వైశాల్యం కూడా రాసుకుంటున్నాడు. రాసుకున్న ప్రతి కాయ మెడలోనూ ఒక రేకు బిళ్ళ కట్టి ఉంది.

"ఏం చేస్తున్నారండీ?" అంది తాయారమ్మ.

"నమోదు చేస్తున్నానమ్మా. రాష్ట్రం మొత్తం మీద ఇంటిపంటలకి పురస్కారం ఇస్తున్నారు. నిర్ణేతల సంఘం వచ్చేసరికి ఏ పట్టణంలో మొక్కల మీద ఎక్కువ కాపు ఉంటే ఆ పట్టణానికి ఇస్తారు. మొక్క మీద అన్నది గమనించండి. కోసింది లెక్కలోకి రాదు."

"మంచిదండి. నాకో కాయ కావాలి, కాస్త పక్కకి జరుగుతారా?"

కోదండపాణి ఆవిడ చేతిలో కొడవలి చూసి పందిరికి అడ్డంగా నిలబడ్డాడు. "నమోదిత ఫలాన్ని గృహస్థులు కోయరాదమ్మా. నిన్న సాయంత్రం ఉత్తర్వు వచ్చినప్పటి నుంచీ సదరు ఆనపకాయ కూరగాయ కాదు."

"మరేంటండీ?"

"గణాంకం."

తాయారమ్మ గణాంకం కేసి చూసింది. లేతగా, నూగుతో, గోరు గుచ్చితే నీరు కారేలా ఉంది. "కడుపుతో ఉన్న పిల్ల అడిగిందండీ. అడిగింది పెట్టకపోతే పుట్టే బిడ్డకి చెవిలో చీము కారుతుందంటారు" అంది.

కోదండపాణికీ కూతుళ్ళున్నారు. కాస్త మెత్తబడ్డాడు. "అర్జీ పెట్టుకోండి. కారణం ఉంటే మినహాయింపు ఉండకపోదు" అని చెప్పి, వెళ్తూ వెళ్తూ ఒక పిందెకి కూడా బిళ్ళ కట్టాడు.

తాయారమ్మ అర్జీ పెట్టింది. అది తిరిగి తిరిగి చలపతిరావు బల్ల మీదికే వచ్చింది. భోజనాల దగ్గర ఆవిడ అడిగింది. "ఏవండీ, మన కాగితం ఏమైంది?"

"మన కాగితం అనకు. అర్జీదారు కాగితం" అన్నాడు చలపతిరావు చారు కలుపుకుంటూ. "పరిశీలించాను. అర్జీదారు కుమార్తె గర్భవతి అనడానికి డాక్టరు ధ్రువీకరణ జతచేశారు. ఆవిడ కోరిక ఆనపకాయ మీదేనని ధ్రువీకరించేది ఏదీ జతచెయ్యలేదు."

"రోజూ మీ ఎదురుగానే అడుగుతోంది కదండీ అది."

"ఇంట్లో విన్నది ఆఫీసులో విన్నట్టు కాదు తాయారూ. పైగా ప్రత్యామ్నాయ కూరగాయతో సదరు కోరిక తీరునా తీరదా అన్న అంశం మీద ఆరోగ్యశాఖ అభిప్రాయం కోరాం."

హైమ కంచం ముందు కూచుని పకపకా నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ, "నాన్నా, నాకు నిజంగానే తినాలనుంది" అంది. చలపతిరావు తలెత్తలేదు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. ఈ పురస్కారం వస్తే సిబ్బందికి ప్రమోషన్లు, రాకపోతే బాధ్యులపై చర్యలు అని కమిషనరుగారు అందరి ఎదుటా చెప్పారు. బాధ్యులు అన్నప్పుడు ఆయన చూపు గుమాస్తాల వైపే ఉంది.

ఇంటి కాయ లేకపోతే బజారు కాయ ఉంది కదా అనుకుని తాయారమ్మ సంచీ తీసుకుని మార్కెట్‌కి వెళ్ళింది. మార్కెట్ గేటుకి తాళం వేసి ఉంది. బయట అరుగు మీద కూరగాయల నూకాలు ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

"మూసేశారమ్మగారూ. సొంతంగా కూర పండించుకునే ఊళ్ళో మార్కెట్టుంటే నిర్ణేతలు వచ్చి నవ్వుతారంట. ఊళ్ళోకి బయట కూరగాయలు రాకుండా పొలిమేర దగ్గర కర్ర కట్టి కాపలా పెట్టారు. మా తోటికోడలు రొంట్లో వంకాయలు దోపుకొస్తే పట్టేసుకున్నారండి."

"మరి ఊరంతా ఏం తింటున్నారే?"

నూకాలు అటూ ఇటూ చూసి, ఖాళీ అనుకున్న గంపలో అడుగున గుడ్డ కాస్త తొలగించి, మళ్ళీ కప్పేసింది. దొండకాయలు. తాయారమ్మ వాటిని కొంగులో కట్టుకుని దొంగలా ఇల్లు చేరింది. పందిరి నిండా ఆనపకాయలు వేలాడుతుంటే, ఆ డాబా కిందే వంటింట్లో తలుపులు బిగించుకుని దొండకాయలు తరిగింది.

ఆ సరుకూ ఎక్కువ రోజులు నడవలేదు. కాపలా గట్టిపడింది. అప్పుడు తాయారమ్మకి ఓ ఆలోచన వచ్చింది. కాయలకి బిళ్ళలున్నాయి గానీ ఆకులకీ పూలకీ లేవు. పిట్టగోడ మీద పాకిన గుమ్మడిపాదు పూలు కోసి శనగపిండిలో ముంచి బజ్జీలు వేసింది. ఆనప తీగ కొసలు తుంచి పప్పులో వేసింది. హైమ లొట్టలేసుకుంటూ తిని, "ఇదీ బాగానే ఉంది గానీ అమ్మా, అది కాదు కదా" అంది.

వాసన పట్టుకుని కోదండపాణి వచ్చాడు. ఆవిడ ముందే జవాబు సిద్ధం చేసుకుంది. "అవన్నీ మగపూలండీ. కాయలు కాయవు. మీ లెక్కకేం నష్టం లేదు."

ఆయన తన నమోదు పుస్తకం తిరగేశాడు. "నిజమే, మగపూలు ఉత్పాదక సిబ్బంది కిందికి రావు. కానీ పర్యవేక్షక సిబ్బంది కింద వస్తాయి" అన్నాడు. మర్నాటి నుంచి పూలకీ బిళ్ళలు పడ్డాయి.

ఇక డాబా మీది మొక్కల జోలికే వెళ్ళకూడదని తీర్మానించుకుని తాయారమ్మ సంచీ పట్టుకుని రైలు పట్టాల వారగా ఉన్న బీడులోకి నడిచింది. చిన్నప్పుడు నాయనమ్మ వెంట అలాంటి చోట్ల తిరిగిన మనిషి. గలిజేరు నేల మీద పరుచుకుని ఉంది. కాలవ గట్టున పొన్నగంటి, ముళ్ళపొద మీద ఆకాకర తీగ. ఎవరూ వెయ్యలేదు, ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. గలిజేరు పప్పులో వేసి, పొన్నగంటి వేయించి పెట్టింది. చలపతిరావు కూడా అది ఎక్కడిదని అడక్కుండా తిన్నాడు. పక్కింటివాళ్ళు అడిగారు. వారం తిరిగేసరికి బీడు నిండా ఆడవాళ్ళు, సంచులు, కబుర్లు. ఫలానా ఆకు తినొచ్చా అని ఒకరు, తిన్నాక కడుపులో తిప్పుతోందేమని ఇంకొకరు. నూకాలు కూడా వచ్చి కాసేపు చూసి, "నేను దేనికి పనికొస్తానమ్మా ఇక" అని నవ్వి, తనూ కొంగు నిండా కోసుకుపోయింది.

కోదండపాణి అక్కడికీ వచ్చాడు. ఈసారి వెంట కమిషనరుగారు కూడా ఉన్నారు. కమిషనరుగారు బీడు మధ్యలో నిలబడి చుట్టూ చూసి, "అద్భుతం. ఇంత కాపు నమోదు కాకుండా ఎలా ఉండిపోయింది?" అన్నారు.

"దీన్ని ఎవరూ వెయ్యలేదండీ" అన్నాడు కోదండపాణి.

"వెయ్యకుండా మొక్క ఎలా వస్తుందయ్యా? యజమాని ఎవరో విచారించండి."

కోదండపాణి ఆడవాళ్ళ వైపు తిరిగి విచారించాడు. "ఈ సస్యానికి యజమాని ఎవరమ్మా?"

"దేవుడండి" అంది తాయారమ్మ.

ఆయన కలం తెరిచి, "ఇంటి నంబరు?" అన్నాడు.

సాయంత్రానికి బీడు చుట్టూ ముళ్ళకంచె వేసి 'స్వయంభూ సస్య సంరక్షణ క్షేత్రం, ప్రవేశం నిషిద్ధం' అని బోర్డు పెట్టారు.

అలా నెలలు గడిచాయి. రేవుపాలెంలో అందరి ఇళ్ళలోనూ పచ్చడి మెతుకులు, పప్పు. డాబాల మీద మాత్రం ఎక్కడ చూసినా కాపే. కోయని కాయ ఊరికే ఉండదు కదా. బెండకాయలు ముదిరి కొడితే శబ్దం వచ్చేలా తయారయ్యాయి. బీరకాయలు పీచు కట్టాయి. వంకాయలు పసుపు తిరిగాయి. తాయారమ్మ పందిరి మీది పాత ఆనపకాయలు బిందెల్లా ఊరి, పందిరి ఒక పక్కకి ఒరిగిపోతే మునిసిపాలిటీ వాళ్ళు గోనెపట్టాలతో ఉయ్యాలలు కట్టి కాయల్ని అందులో పడుకోబెట్టారు. నిర్ణేతల సంఘం ఈ వారం వస్తుంది, వచ్చే వారం వస్తుంది అంటున్నారు.

ఒకరోజు ఎదురింటి మేడ మీంచి గుమ్మడికాయ తొడిమ ఊడి వీధిలో పడింది. దాని చుట్టూ సుద్దతో గీత గీశారు. ఇంటాయన్ని కూచోబెట్టి ఆ సమయంలో ఎక్కడున్నావని అడిగారు. పంచనామా మీద సంతకానికి చలపతిరావుని పిలిచారు. ఆయన సంతకం చేసి ఇంటికొచ్చాడు. "కనీసం రాలిపోయిన కాయనైనా వండుకుంటానంది ఎదురింటాయన పెళ్ళాం. సాక్ష్యం వండకూడదన్నారు" అన్నాడు. నవ్వలేదు. తాయారమ్మా నవ్వలేదు. హైమకి అప్పటికి ఎనిమిదో నెల దాటింది. డాబా మీద పిట్టగోడకానుకుని, పొట్ట మీద చెయ్యేసుకుని పందిరి కేసి చూస్తూ కూచునేది. అడగడం మానేసింది. అడుగుతున్నంతకాలం తాయారమ్మకి అంత బాధ లేదు.

ఎట్టకేలకు నిర్ణేతల సంఘం వచ్చింది. అధ్యక్షురాలి పేరు వసుంధరాదేవి. నెరిసిన జుట్టు, నెమ్మదైన మాట. పొద్దుటి నుంచీ వీధులన్నీ తిరిగి, కాపు చూసి ఆశ్చర్యపోయి, ఎండలో అలిసిపోయి, మధ్యాహ్నానికి ఆదర్శ గృహసేద్యకారిణి డాబా మీదికి చేరింది. పందిరి కింద కుర్చీలు వేశారు. కమిషనరుగారు గడియారం చూసుకుంటున్నారు. భోజనాలు పక్క ఊరి హోటల్లో చెప్పారు. కారియర్లు ఇంకా రాలేదు.

కోదండపాణి మెట్లెక్కి వచ్చి చెవిలో చెప్పాడు గానీ, ఆ నిశ్శబ్దంలో అందరికీ వినబడింది. "సార్, కారియర్లలో వంకాయ కూర ఉందండి. పొలిమేరలో పట్టేసుకున్నారు. మన ఉత్తర్వేనండి."

వసుంధరాదేవి కొంగుతో విసురుకుంటూ నవ్వింది. "పోనీండి. ఇంత కాపు కింద కూచుని హోటలు భోజనం ఎందుకు? ఈ ఆనపకాయ ఒకటి కోసి వండకూడదూ? మీ కాయ రుచి ఎలా ఉంటుందమ్మా?"

తాయారమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. "మాకు తెలీదండి" అంది.

"తెలియకపోవడమేంటి?"

కమిషనరుగారు ముందుకొచ్చారు. "మేడమ్, అదే మా ప్రత్యేకత. మిగతా పట్టణాల్లో పండించినదాన్ని ప్రజలు ఎప్పటికప్పుడు తినేస్తున్నారు. మా దగ్గర ఆ నష్టం సున్నా. కాసిన ప్రతి కాయా కాసిన చోటే ఉంది."

వసుంధరాదేవి ఆయన కేసీ, ఉయ్యాలల్లో పడుకున్న కాయల కేసీ చూసింది. కమిషనరుగారి వెనక నిలబడ్డ చలపతిరావు, భార్య కళ్ళలో ఏం చూశాడో, వద్దన్నట్టు సన్నగా తల ఊపాడు. ఆయన ఉద్యోగమంతా ఆ ఊపులో ఉంది. తాయారమ్మ చూసింది. తర్వాత గోడకానుకుని నిలబడ్డ హైమని చూసింది.

వెళ్ళి కొడవలి తీసుకొచ్చింది. పందిరి మూల ఆకుల చాటున లేత కాయ ఒకటి ఉంది. దాని మెడలో బిళ్ళ ఇంకా మెరుస్తోంది. అంతమంది ఆఫీసర్ల మధ్య కాడ తెగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"అమ్మా," అన్నారు కమిషనరుగారు. "మీరు కోసిందేమిటో మీకు తెలుసా?"

"ఆనపకాయండి" అంది తాయారమ్మ. బిళ్ళ విప్పి కోదండపాణి చేతిలో పెట్టింది. "మీ గణాంకం మీరు ఉంచుకోండి. కాయ నాకు కావాలి."

కింద వంటింట్లో ముక్కలు తరిగి, పచ్చిమిరపకాయలు చీల్చి వేసి ఉడికించి, పాలు పోసి, చిటికెడు బియ్యప్పిండి కలిపి పోపు పెట్టింది. ఇంగువ వాసన మేడ మెట్లెక్కి పైకి వెళ్ళింది. పైన ఉన్న మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తాయారమ్మ గిన్నె మేడ మీదికి తెచ్చి మొదటి కంచం కూతురికి పెట్టింది. హైమ ఒక ముద్ద తిని కళ్ళు మూసుకుంది. రెండో ముద్దకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. తాయారమ్మ అలా కాసేపు చూసి, అప్పుడు వసుంధరాదేవికి వడ్డించింది. ఆవిడ తిని, మారు అడిగింది. మిగిలిన నిర్ణేతలు అడక్కుండానే కంచాలు జరిపారు.

ఆ రాత్రి చలపతిరావు దంపతులు ఉద్యోగం పోయినట్టే అనుకుని పడుకున్నారు. "పోతే పోయిందిలే" అన్నాడాయన చీకట్లో. "నాకు మాత్రం ఒక్క ముక్క మిగల్చలేదు నువ్వు."

ఉద్యోగం పోలేదు. ఫలితాల్లో రేవుపాలేనికి రెండో బహుమతి వచ్చింది. కాపులో ఈ పట్టణానికి సాటి లేదనీ, వినియోగంలో మాత్రం పట్టణం మొత్తానికి ఒకే ఒక్క ఇంట్లో ఒకే ఒక్క కాయ వండగా చూశామనీ నివేదికలో రాశారు. ఆ ఒక్క కాయే లేకపోతే ఏ బహుమతీ వచ్చేది కాదని తేలడంతో తాయారమ్మకి మళ్ళీ టౌన్‌హాల్లో శాలువా కప్పి, 'ఆదర్శ వినియోగదారిణి' అన్నారు. చలపతిరావుకి ప్రమోషన్ వచ్చింది.

కమిషనరుగారు నివేదికని గట్టిగానే పట్టించుకున్నారు. "మనం తినడంలో వెనకబడ్డాం" అని సిబ్బంది సమావేశంలో చెప్పారు. మర్నాడు మైకు ఆటో బయల్దేరింది. ప్రతి ఇంట్లోనూ రెండు పూటలా ఇంటిపంట తినడం తప్పనిసరి. తిన్నట్టు పర్యవేక్షకుడు కళ్ళారా చూసి, రుచి చూసి ధ్రువీకరించాలి. పొలిమేర కాపలా యథాతథం. బయటి కూర వస్తే ఇంటికూర వినియోగం తగ్గుతుంది కదా.

దాంతో ఊరు ఊరంతా ముదిరిన బెండకాయలు నమలడం మొదలుపెట్టింది. తాయారమ్మ ఉయ్యాలల్లోని కాయల్ని ఒక్కొక్కటే దింపి, పలుగుతో పగలగొట్టి, పులుసు, ముద్దకూర, పచ్చడి, దప్పళం, అట్లు, ఆఖరికి హల్వా కూడా చేసింది. కోదండపాణి రోజూ వచ్చేవాడు. పాపం మనిషి తేరుకోలేనట్టయ్యాడు. వీధి మొదట్నుంచీ ఇంటింటా ఒక్కో ముద్ద ఆనపకాయ తింటూ వచ్చి, తాయారమ్మ ఇల్లు చేరేసరికి గోడ పట్టుకుని నడిచేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన పీట మీద కూచుని ధ్రువీకరణ ముద్ద కలుపుకుంటున్నాడు. ఎదురుగా నెలలు నిండిన హైమ కంచంలో కూర అటూ ఇటూ కెలికి, తల్లి కేసి చూసింది.

"అమ్మా, బంగాళాదుంపల వేపుడు తినాలనుందే" అంది.

తాయారమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. బంగాళాదుంప రేవుపాలెం డాబాల మీద పండేది కాదు. ఎక్కడో పండాలి, ఎవరో తేవాలి, పొలిమేర దాటాలి. పైగా ఈ మాట పర్యవేక్షకుడి ఎదుటే అనేసింది పిల్ల. చలపతిరావు ఏమీ వినబడనట్టు మజ్జిగ గ్లాసులోకి తల దించుకున్నాడు.

కోదండపాణి ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. మెల్లిగా దాన్ని కంచంలోనే పెట్టేశాడు. లేచి, ఎడమ చేత్తో వీధి తలుపు దగ్గరికి వేసి, వచ్చి మళ్ళీ పీట మీద కూచున్నాడు.

"గర్భిణీ స్త్రీ కోరిక కదండీ" అన్నాడు గొంతు తగ్గించి. "సదరు వేపుడులో మీరు వెల్లుల్లి వేస్తారా?"

"వేస్తానండి" అంది తాయారమ్మ.

"అయితే రేపు మీ ఇంటి తనిఖీ మొట్టమొదట పెట్టుకుంటాను" అన్నాడాయన.